ఇల్లాలి సూదిపని: కానుకయా, బాకియా?

ఇంటివారికొఱకు ఇల్లాలు కుట్టెడి పనిని గూర్చి మనవారిలో రెండు మాటలు వాడుకలో నున్నవి. "ప్రేమతో కుట్టినది" యనునది మొదటిది. "ఆడుదాని పని గదా" యనునది రెండవది. ఒకే నోరు ఒకే దినమున ఈ రెండింటిని పలుకుటయు, వానిలోని వైరుధ్యమును గుర్తింపకుండుటయు మేము పలుమాఱు చూచియున్నాము. ప్రేమతో నిచ్చినది కానుక. విధిగా చేయవలసినది బాకి. బాకి తీర్చినవానికి రసీదు నిత్తుముగాని కృతజ్ఞత చూపము. కానుక తెచ్చినవానితో "ఇది నీ విధి" యనము. కాబట్టి ఈ సూదిపని రెంటిలో నేది యని విచారింపవలసియున్నది.

ముందుగా పని యెట్టిదో చూతము, ఏలయన పురుషులలో ననేకులు దీనిని చూడకయే తీర్పు చెప్పుదురు. బొంతను తీసికొందము. నాలుగైదు పాతచీరలు, పంచెలు ఉదికి యారవేసి, చినిగినచోట మాసికలు వేసి, ఒకదానిపై నొకటి పఱచి, ముడుత లేకుండ సవరించి, ముందు అంచులు కుట్టి, పిమ్మట లోపలికి వరుసవెంట వరుసగా పోవలెను. సూది అన్ని పొరలను దాటి రావలెను. ఒక పొర తప్పినచో ఉదికినంతనే బొంత ముద్దకట్టును. భోజనములై, గిన్నెలు తోమినపిదప, బిడ్డ నిదురించుచున్న గంటలో ఈ పని ముక్కముక్కలుగా జరుగును. అందుచేత ఒక బొంతకు ఎన్ని గంటలు పట్టినవో కుట్టిన యామెకే తెలియదు. బిడ్డ పుట్టకముందే సిద్ధపఱచు పొత్తిగుడ్డలు, దిండ్ల గలీబులు, తండ్రి చొక్కా పాతబడిన పిదప దానినుండి తీసిన కొడుకు చొక్కా, ఇవి యన్నియు నిట్టివే. కూతురి పరికిణీకి లోపల నాలుగు వ్రేళ్ల గుడ్డ మడిచి కుట్టుదురు. రెండేండ్లకు ఆ పిల్ల యెంత యెదుగునో ముందే తలచి చేసిన లెక్క యది. ఇంతటి ముందుచూపు దస్తావేజులు వ్రాయువారి కుండినచో మా వృత్తివారికి సగము వ్యాజ్యములు తగ్గును.

ఇదే కుట్టు వీధిలోని దర్జీ కుట్టినచో కూలి యిత్తుము. ఆతడు సాధారణముగా పురుషుడే. సూది స్త్రీల చేతికే పుట్టినదన్న మాట అక్కడ నెవరికిని తోచదు.

ధర్మశాస్త్రము ఈ విషయమును విచారింపకపోలేదు. స్త్రీ శిల్పముచేత నార్జించిన ధనమును, పరులు ప్రీతితో నిచ్చిన ధనమును భర్త స్వామ్యమునకు లోబడునని కాత్యాయనుడు విధించెను, తక్కినదే స్త్రీధనము. శిల్పమనగా చేతిపని, సూది యందులోనిదే. బ్రిటిషు కాలపు న్యాయస్థానములు ఈ నియమమును చాలవఱకు అనుసరించినవి. భర్త జీవించినంతకాలము ఆ సొమ్ముపై నధికార మాతనిది. అతడు గతించిన పిదపనే యది యామెకు నిరాటంకమగును. అనగా తన సూది సంపాదనకు పూర్తి యజమానురాలగుటకు ఆమె విధవ కావలసియుండెను! 1874వ సంవత్సరపు వివాహిత స్త్రీల ఆస్తి చట్టము భార్య ఆర్జనమును ఆమెకే చెందజేసెను. కాని హిందూ, మహమ్మదీయ, బౌద్ధ, సిక్కు, జైన స్త్రీలకు అది వర్తింపదని ఆ చట్టమే చెప్పెను. 1930లో వచ్చిన హిందూ విద్యార్జన చట్టము, ఉమ్మడి కుటుంబపు ధనముతో చదివిన వకీలు తన ఫీజును తనదిగా నుంచుకొనుటకు వీలు కల్పించెను. వకీలు భార్య సూదికి అట్టి రక్షణ దొరకుటకు మఱి యిరువదియాఱేండ్లు పట్టెను. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము, 14వ సెక్షనున, తన నేర్పుచేతను శ్రమచేతను సంపాదించినదానికి స్త్రీయే సంపూర్ణ స్వామిని యని పలికెను.

ఈ చరిత్రలో మా ప్రశ్నకు జవాబున్నది. తనది కానిదానిని దానము చేయుట ఎవ్వరికిని చెల్లదు. చేతిపని ఫలము మగనిదైనపుడు దానిని మగనికే కానుకగా నిచ్చుట యెట్లు? "కుట్టను" అనుటకు స్వాతంత్ర్యము లేనిచోట "కుట్టితిని" అనుటలో దానమేమున్నది? ఆ కాలపు తల్లులకు ప్రేమ లేదని మా భావము కాదు. వారు ప్రేమించిరి. దానిని కానుక యని పిలుచుటకు పుచ్చుకొన్నవారికి హక్కు లేకుండెనని మా వాదము.

బంగాళమున మన బొంతవంటిదానిని కాంథా యందురు. మానదాసుందరి యను స్త్రీ తన తండ్రికొఱకు కుట్టిన కాంథా యొకటి గురుసదయ దత్తుగారి సేకరణమున చేరినది. తన పేరును, అది తండ్రికి సమర్పించిన విషయమును ఆమె దారముతోనే అందు వ్రాసెను. అది కానుక యని యెవరును సందేహింపరు. మన యిండ్లలోని బొంతలకు పేరు లేదు.

ప్రేమ యను మాట ఈ పనికి ఎంత సులభముగా నంటుకొనునో చూడుడు. యంత్రములను శంకించిన గాంధిగారు 1924లో కుట్టుమిషనును మాత్రము మినహాయించిరి; భార్య కుట్టుపని శ్రమను చూడలేక ప్రేమచే సింగరు దానిని కల్పించెనని వారు తలచిరి. సింగరు 1851లో పేటెంటు పొందినమాట నిజమే. కాని ఒకే కాలమున ఒకటికంటె నెక్కువ సంసారములు నడపిన ఆ మనుష్యుని చరిత్ర చదివినవారికి వేఱు అభిప్రాయము కలుగును. మిషను మంచిదే, దానికి ఆ కథ యక్కఱలేదు.

ఇంటిలో లెక్కలు పుట్టినచో ప్రేమ చచ్చునని మిత్రులు కొందఱు ఆక్షేపింతురు. గౌరవింపదగిన యాక్షేపణమే. అన్నమునకు బిల్లు వ్రాయు తల్లిని మేమును కోరము. కాని లెక్క లేకుండుటవలన లాభపడుచున్న దెవరు? 2019లో భారత ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, జీతములేని యింటిపని చేయువారిలో స్త్రీలు దినమునకు 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వెచ్చించుచున్నట్లు తేలెను. న్యాయస్థానములు గృహిణి పనికి వెల కట్టుట కలదు. తఱచుగా ఆమె ప్రమాదమున మరణించినపుడు. 1989 నాటి జంషెడ్‌పూరు అగ్నిప్రమాదపు వ్యాజ్యమున 2001లో సుప్రీముకోర్టు మధ్యవయస్సు గృహిణి సేవలను నెలకు 3,000 రూపాయలుగా నంచనా వేసెను. బ్రదికియుండగా లెక్క ప్రేమకు హాని. చనిపోయిన పిదప పరిహారమునకు లెక్క కావలెను! 2023లో మదరాసు హైకోర్టు, భార్య యింటిపనియు ఆస్తి సంపాదనకు తోడ్పడినదేయని కొన్ని యాస్తులలో ఆమెకు సగపాలు నిచ్చిన తీర్పు మాకు కొంత యూరట.

సలహాకై వచ్చువారితో మేము చెప్పునది స్వల్పమే. మిషను కొన్నచో రసీదు ఆమె పేర వ్రాయింపుడు. పొరుగువారి రవికలు కుట్టగా వచ్చిన పైకము ఆమె చేతిలోనే యుండనిండు. దేనికి ఖర్చయినదని యడుగకుడు. బొత్తాము కుట్టుట కొడుకులకును నేర్పుడు. ఈ పండుగకు కుట్టలేనని ఆమె యన్నచో, మొగము ముడుచుకొనక అంగడికి పోయి కొనితెండు.