దూరపు ఫోటో

పూడిమడక ఒడ్డు నుంచి ఫోటో తీస్తే తెప్ప మీది మనిషి నువ్వుగింజంత. చుట్టూ నీళ్లే. చూసినవాళ్లకి అయ్యో అనిపిస్తుంది. 1990 ఫిబ్రవరి 14న వాయేజర్-1 దాదాపు 600 కోట్ల కిలోమీటర్ల నుంచి తీసిన ఫోటోలోనైతే భూమే ఒక చుక్క. అందులో మేమూ ఉన్నాం, మీరూ ఉన్నారు.

మమ్మల్నీ దూరం నుంచే తీస్తారు కదా! ఈద్ మర్నాడు పేపర్లో అదే ఫోటో. మేడ మీంచి తెల్లటోపీల వరసలు. అందులో మా అబ్బా ఎక్కడున్నారో మేమే పోల్చుకోలేం. షీర్ ఖుర్మాకి అమ్మీ పాలు అప్పు తెచ్చిన సంగతి ఆ ఫోటోకేం తెలుసు? తెప్ప మీది మనిషిని చూసి ఎవరో పాపం అంటారు. మమ్మల్ని చూసి ఎంతమందో అంటారు. రెండిటికీ దూరం ఒకటే మరి!

ఫోటో తీసే అన్నా, ఒకసారి మేడ దిగిరా. అబ్బా వాకిట్లోనే ఉంటారు.