పూటకూళ్ళమ్మ పుణ్యం

‘పూటకూళ్ళమ్మ పుణ్యమెరుగునా’ అని మనకో సామెత ఉంది. డబ్బు పుచ్చుకుని అన్నం పెట్టే మనిషికి దయాధర్మాలేం తెలుస్తాయని దాని అర్థం. చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. కానీ ఈ చలికాలం అది నన్ను వదలటం లేదు. ఎందుకంటే రెండు నెలలుగా నేను ఎక్కువగా తింటున్నది పూటకూళ్ళమ్మల చేతి తిండే. తప్పనిసరై కాదు, ఇష్టపడి తింటున్నాను. ఆ ఇష్టంలో న్యాయమెంత అన్నది నా ప్రశ్న.

సామెతల్లోనే కాదు, మన సాహిత్యంలోనూ ఆమెకు దక్కింది నవ్వే. ‘కన్యాశుల్కం’లో పూటకూళ్ళమ్మ అనగానే మనకు గుర్తొచ్చేది చీపురుకట్ట పట్టుకుని గిరీశాన్ని వెతుక్కుంటూ వచ్చిన మనిషి. నాటకం చూసిన ప్రతిసారీ ఆ ఘట్టంలో హాలంతా నవ్వుతుంది, నేనూ నవ్వాను. అయితే సంతలో సరుకులు కొనిపెడతానని ఆమె దగ్గర ఇరవై రూపాయలు తీసుకుని ఇంకోచోట ఖర్చుపెట్టింది గిరీశం. ఆ డబ్బు ఎన్ని పూటల వంట, ఎన్ని విస్తళ్ళు, ఎంత పొగ! భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీకి ఆ కాలంలో మర్యాదగా బతకడానికి మిగిలిన దారులు ఎన్నని? వాటిలో ఒకటి ఎంచుకుని తన కాళ్ళమీద తను నిలబడినందుకు ఆమెకు పేరు కూడా లేకుండా పోయింది. చేసే పనే ఆమె పేరు.

నేనుండేది తెనాలిలో. చెల్లెలు బాపట్లలో, మేనత్త రేపల్లెలో. 2022లో జిల్లాలు విడగొట్టాక నేను గుంటూరు జిల్లాలో మిగిలిపోయాను, వాళ్ళిద్దరూ బాపట్ల జిల్లా వాళ్ళయ్యారు. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ధనుర్మాసంలో ఈ మూడు ఊళ్ళ మధ్య తిరగటం నాకు అలవాటైంది. మా డెల్టా చలిని చూసి ఢిల్లీలో ఉండొచ్చినవాళ్ళు నవ్వుతారు గానీ, ఊళ్ళోంచి పారే కాలవల మీద మంచు దిగి అవతలి గట్టు కనపడని పొద్దుట, శాలువా కప్పుకుని వేడి ఇడ్లీ తినే సుఖం వాళ్ళకేం తెలుసు! ఆంధ్రా పారిస్ అని మా ఊరికి పేరైతే ఉంది. పారిస్‌లో పొద్దున్నే ఏం తింటారో గానీ మా వీధి మొదట్లో మాత్రం గుడ్డమీద వేసిన ఇడ్లీ, అల్లం పచ్చడితో పెసరట్టు దొరుకుతాయి. సాయంత్రమైతే బెల్లం జిలేబీ. వేడి పాకంలోంచి తీసి కాగితంలో పెట్టి ఇస్తే చేతులు కాచుకోవచ్చు, తినొచ్చు.

ఇడ్లీ బండి నడిపే అమ్మాయికి ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయేమో. మొదట్లో నన్ను ‘మేడమ్‌గారూ’ అనేది, ఇప్పుడు ‘పిన్నిగారూ’ అంటోంది. చలికాలం ఆమెకు కష్టకాలమని నాకు ఈ ఏడే తెలిసింది. చలికి పిండి పులవదు. వేసవిలో రాత్రి పొద్దుపోయాక రుబ్బినా తెల్లారేసరికి పొంగే పిండి, ఈ రోజుల్లో కదలకుండా కూర్చుంటుంది. అందుకని మధ్యాహ్నం భోజనాలు కాకముందే పప్పు నానబోసి, చీకటి పడేలోపు రుబ్బి, గిన్నెకు గోనెపట్టా చుట్టి పొయ్యి పక్కన పెడుతుంది. రాత్రి మధ్యలో లేచి మూత తీసి చూసుకుంటుంది. ‘పసిపిల్లని చూసినట్టు చూడాలి పిన్నిగారూ’ అంది. ఆ మినప్పప్పు మా ఊరి మిల్లుల్లోదే. ఆ మినుములు ఈ చుట్టుపక్కల మాగాణుల్లో, వరి కోయకముందే చేలో చల్లిన విత్తనం నుంచి వచ్చినవి. పల్లాకు తెగులు దెబ్బకి చాలామంది మొక్కజొన్నకు మారారు, మినుము తగ్గింది. ఆ సంగతి వ్యవసాయ అధికారులకు కాగితాల మీద తెలుస్తుంది, ఈమెకు ప్లేటు లెక్కలో తెలుస్తుంది.

నా సుఖం సంగతి కూడా చెప్పాలి, దాన్ని తక్కువ చేయటం నాకిష్టం లేదు. మా అమ్మ బతికినంతకాలంలో హోటల్లో తిన్న రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. అదీ కర్టెన్ వేసిన ఫ్యామిలీ రూములో, నాన్న పక్కన, తల వంచుకుని. ఇంట్లో అందరికీ పెనం మీంచి తీసిన అట్టు తీసినట్టే వేసేది. తను మాత్రం చివరికి చల్లారిన రెండు అట్లు, గిన్నె అడుగున మిగిలిన పచ్చడితో నిలబడే తినేసేది. నేనూ ముప్ఫై ఏళ్ళు కాలేజీకి వెళ్ళేముందు అలాగే తిన్నాను. ఇప్పుడు బండి పక్కన స్టూలు మీద కూర్చుంటాను. పేపరు చదువుతూ, రాజకీయాలు మాట్లాడుకునే మగవాళ్ళ మధ్య, ఎవరి భార్యగానూ ఎవరి తల్లిగానూ కాకుండా. నాకోసమని ఒక అట్టు పెనం మీద పడుతుంది. అంచులు ఎర్రబడేదాకా ఎవరో ఆగుతారు. ఇది చిన్న సంగతి అనుకునేవాళ్ళు ఎప్పుడూ వేడిగా తిన్నవాళ్ళే అయ్యుంటారు.

ఈ మాటే ఒక స్నేహితురాలితో అంటే, ‘నీ వంటిల్లు తీసుకెళ్ళి ఇంకో ఆడదాని నెత్తిన పెట్టావు. దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టుకోకు’ అంది. ఆమె మాట కొట్టిపారేసేది కాదు. మన తరం స్త్రీవాదులం వంటింటి మీద చాలానే రాశాం. విమల ‘వంటిల్లు’ కవిత తెలియనివాళ్ళు మనలో ఎవరున్నారు? ఇల్లు అలుకుతూ తన పేరే మరిచిపోయిన ఇల్లాలి కథ ‘ఇల్లలకగానే’ రాసిన సత్యవతిగారు పుట్టింది మా తెనాలి పక్కన కొలకలూరులోనే. అవన్నీ జీతం లేని వంటింటి గురించి. రోడ్డు పక్క పొయ్యి గురించి మనం అంతగా ఆలోచించలేదు. అక్కడ నిలబడ్డ మనిషి ఇంటికి వెళ్ళి మళ్ళీ ఇంకో పొయ్యి వెలిగించాలి. ఆ రెండోదానికి ఎవరూ ఏమీ ఇవ్వరు.

అయినా స్నేహితురాలి మాటతో పూర్తిగా ఒప్పుకోలేకపోతున్నాను. నేను ఆ స్టూలు మీద కూర్చోవడం మానేస్తే ఆ అమ్మాయికి నిద్ర దొరకదు, ప్లేటు డబ్బులు పోతాయంతే. తెల్లవారుజామున లేవటం మా అమ్మా లేచింది, ఆ లేవటానికి ధర ఎంతో ఇంట్లో ఎవరికీ తెలియదు, అడగాలని కూడా తోచలేదు. ఇక్కడ కనీసం ఒక అంకె ఉంది. అది సరైన అంకె కాదు, నిజమే. కానీ అంకె ఉన్నచోట పోట్లాడొచ్చు. సంక్రాంతి ముందు ఆమె ప్లేటు ముప్ఫై నుంచి ముప్ఫై అయిదు చేసింది. రోజూ వచ్చే పెద్దాయన ‘ఏమ్మా, మనలో మనకి కూడానా’ అన్నాడు. ‘మనలో మనకనే ఇంతకాలం ఆగాను బాబాయ్‌గారూ, పరాయివాళ్ళయితే దసరాకే పెంచేదాన్ని’ అంది, చేతిలో గరిటె ఆపకుండా. ఆయన ఇచ్చాడు. ఇదే ఆయన ఇంట్లో ఆవిడ అలా అనగలిగేదా అని నాకు అనిపించింది.

వరసలు కలపటంలో ఉన్న తీపీ మోసమూ రెండూ అక్కడే కనిపిస్తాయి. అమ్మా, అక్కా, పిన్నీ అని పిలుస్తాం. ఆ పిలుపుతో పాటే కొసరు అడుగుతాం. గాజు తలుపుల బేకరీలో బిల్లు చూడకుండా కట్టేవాళ్ళమే కొత్తిమీర కట్ట దగ్గర అయిదు రూపాయలకు గీచిగీచి అడుగుతాం. ఎదుటి మనిషిని అమ్మను చేశాక ఆమె పెట్టాలి, మనం తినాలి. లెక్క అడగటం ఆమె తప్పవుతుంది.

తెనాలి నుంచి బాపట్ల వెళ్ళే ప్యాసింజరు చుండూరులో ఆగుతుంది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితులను అగ్రకులాలవాళ్ళు చంపేసిన ఊరు. సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవతో మొదలైందది. 2007లో ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది, 2014లో హైకోర్టు అందరినీ విడుదల చేసింది. ఆ స్టేషను దాటుతుంటే నా స్టూలు గురించి ఆలోచించకుండా ఉండలేను. ‘మన వీధి కొట్టు’ అని మురిసిపోతాం గానీ ఆ ‘మన’లో ఎవరెవరు కూర్చోగలిగారు? సినిమా హాల్లో పక్క సీటు ఓర్వలేని ఊళ్ళలో టీ కొట్టుకు రెండు రకాల గ్లాసులు ఉండటంలో ఆశ్చర్యమేముంది? ‘బ్రాహ్మణ భోజన హోటల్’ అని బోర్డులు చూస్తూ పెరిగిన తరం మాది. డబ్బు కొన్ని గీతలు చెరిపింది. ఇడ్లీ బండి దగ్గర నా కులం ఎవరూ అడగరు. కానీ ఆ అమ్మాయి కొత్తగా బండి పెట్టినప్పుడు ‘ఎవరమ్మాయి?’ అని మా వీధిలో ఇద్దరు ముగ్గురు వాకబు చేసిన సంగతి నాకు తెలుసు. ఆ వాకబు ఆమె రుచి గురించి కాదు.

బాపట్లలో చలికాలమంటే తేగలు. భాద్రపదంలో రాలిన తాటిపళ్ళ టెంకల్ని ఇసుక నేలలో పాతరేస్తే, మూడు నాలుగు నెలలకు మొలకలు దిగుతాయి. వాటిని తవ్వి తీసి, కడిగి, కాల్చో ఉడకబెట్టో కట్టలు కట్టి అమ్ముతారు. మా చెల్లెలి ఇంటి దగ్గర అమ్మే ముసలామె టెంక పగలగొట్టి లోపలి బుర్రగుంజు కూడా పెడుతుంది, దానికి వేరే డబ్బులు తీసుకోదు. ‘అది పిల్లలు తినేది పాపా, అమ్మకూడదు’ అంది నాతో, అరవై దాటిన నన్ను పాపా అంటూ. చూడండి, ఏది అమ్మాలి ఏది అమ్మకూడదు అన్న నియమం ఆమెకు ఉంది. పుణ్యం ఎరగదని ఎవరన్నారు?

ఊరికే అన్నం పెట్టిన తల్లులను మనం మరువలేదు. బాపట్ల దగ్గరి జిల్లెళ్ళమూడిలో ‘అమ్మ’గా పిలుచుకునే అనసూయాదేవిగారు 1958లో అన్నపూర్ణాలయం మొదలుపెట్టారు. కులమతాల ప్రశ్న లేకుండా వచ్చినవారందరికీ అక్కడ భోజనం. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు అంతకు ముందే అపర అన్నపూర్ణ అనిపించుకున్నారు. ఆ చేతులకు నేనూ దణ్ణం పెడతాను. నా పేచీ వాళ్ళతో కాదు, వాళ్ళను కొలబద్ద చేసిన మనతో. 2024లో రాష్ట్ర ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి సీతమ్మగారి పేరు పెట్టింది. మంచి పేరే. ఆ భోజనం వండే ఆడవాళ్ళకు ఇచ్చేదాన్ని మాత్రం జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. 2019లో నెలకు వెయ్యి నుంచి మూడు వేలు చేస్తేనే పెద్ద వార్త అయింది. వండేది దళిత స్త్రీ అయితే పిల్లల్ని తినొద్దన్న తల్లిదండ్రులూ ఈ రాష్ట్రంలో ఉన్నారు. అన్నపూర్ణ అని పిలిచినంత తేలిక కాదు, అన్నపూర్ణకు జీతం లెక్కకట్టటం.

రేపల్లెలో మేనత్తకు చేపలు లేనిదే ముద్ద దిగదు. సముద్రం, కృష్ణమ్మ రెండూ దగ్గరే. నిజాంపట్నం వైపు నుంచి వచ్చే రొయ్యలు, పీతలు, ఇంకా నాకు పేర్లు తెలియని చేపలెన్నో. ఆడవాళ్ళు నలుగురు చేరి గట్టిగా మాట్లాడితే ‘చేపల మార్కెట్ చేశారే’ అని స్టాఫ్‌రూములో ఎన్నిసార్లు అన్నారో! ఆ మార్కెట్‌లో నిజంగా ఏం జరుగుతుందో అన్నవాళ్ళు చూసినట్టు లేదు. అక్కడ కూర్చున్న మనిషి తెల్లవారకముందే సరుకు పాడుకుని, ఐసు కొని, బుట్ట బస్సెక్కించినందుకు కండక్టరుతో మాటలు పడి వచ్చింది. పదింటికి ఎండ ఎక్కితే సరుకు చెడిపోతుంది. ఆలోపు అమ్ముడుపోవాలంటే గొంతు పెద్దదిగానే ఉండాలి.

మా అత్త ఎప్పుడూ కొనే ఆమె దగ్గర వరసల ఆట సాగదు. చేపకు ఒక ధర చెబుతుంది, శుభ్రం చేయడానికి కేజీకి ఇంతని విడిగా చెబుతుంది. ‘ఇన్నేళ్ళ బేరం, బాగుచేసి పెడితే నీ సొమ్మేం పోయింది’ అని అత్త ప్రతిసారీ సణుగుతుంది. ఆమె కత్తిపీట మీంచి తల ఎత్తకుండా, ‘చేప సముద్రంది అమ్మా, చెయ్యి నాది. ఇంట్లో మీరు ఊరికే చేసుకుంటానంటే అట్లాగే తీసుకెళ్ళండి’ అంటుంది. అత్త అట్లా తీసుకెళ్ళిన రోజు నేను చూడలేదు. మొన్న కూడా డబ్బులు నా చేత ఇప్పించి, ఇంటికొచ్చాక మునక్కాడ వేసి పులుసు పెట్టింది. ఎనభై రెండేళ్ళ మనిషి, పొయ్యి దగ్గరికి నన్ను రానివ్వలేదు. గిన్నె దించాక, ఆ కత్తిపీట ఆమె ఇంట్లో వాళ్ళకు కూడా బాగుచేసినందుకు డబ్బులు తీసుకుంటుందా అని నన్నడిగింది. తీసుకోదేమో అత్తయ్యా అన్నాను. ‘తీసుకోవాల్సింది’ అని, పులుసు మొదట తన కంచంలోనే వడ్డించుకుంది.