మైకుసెట్టులో వేటూరి

నాన్న షష్టిపూర్తికి పాటల లిస్టు తయారుచేసే పని నాకు అప్పజెప్పారు. "ఎలాగూ లాప్‌టాప్ ముందే కూచుంటావు కదరా" అన్నది అమ్మ చెప్పిన కారణం. మాది అమలాపురం దగ్గర పల్లె. పొద్దున్న సన్నాయి, భోజనాల వేళకి ఘంటసాల, సాయంత్రం నాన్న స్నేహితులు కుర్చీలు దగ్గరికి లాక్కునే సమయానికి ఎన్టీఆర్ పాటలు. ఈ మూడో భాగం మీద చాలా శ్రద్ధ పెట్టాను. ఎందుకంటే రెండేళ్లుగా బెంగుళూరులో నా స్నేహితులతో నేను చేస్తున్న వాదనంతా దాని గురించే. వేటూరి మాస్ పాటల్ని మనం చిన్నచూపు చూశామని, వాటిని మళ్లీ కూర్చుని వినాలని.

లిస్టు ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన పది నిమిషాలకి మా పెద్దమ్మ కూతురు విడిగా మెసేజ్ పెట్టింది. "ఆ వేటగాడు పాట తీసెయ్‌రా." ఏ పాటో నేను చెప్పక్కర్లేదు, మీకు ఈపాటికే లోపల వినిపించేసి ఉంటుంది.

ఫోన్ చేశాను. నాకు తెలిసిన వాదనంతా వినిపించాను. అక్క చివరిదాకా విని, "నువ్వు చెప్పేదంతా నిజమే కావొచ్చురా. మేం రాజమండ్రిలో చదువుకునేప్పుడు కోటిపల్లి బస్టాండులో బస్సు కోసం నిలబడితే, మా మొహాల మీదకి ఇలాంటి పాటలే పాడేవారు. రోజూ. మూడేళ్లు" అంది. తర్వాత పులిహోరకి ఎన్ని కేజీల బియ్యం పొయ్యాలో అమ్మని అడగమని చెప్పి పెట్టేసింది.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ఫోనే. కానీ దానికంటే ముందు నా వాదన ఏమిటో చెప్పాలి, ఎందుకంటే అది తప్పని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు.

ఇంజినీరింగ్ హాస్టల్లో ఒక సీనియర్ హార్డ్ డిస్క్ పుణ్యమాని నాకు జెనెసిస్ అనే ఇంగ్లీషు బ్యాండు పరిచయమైంది. ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. 1972లో వచ్చిన 'ఫాక్స్‌ట్రాట్' అనే ఆల్బంలో ఒకే పాట సుమారు ఇరవై మూడు నిమిషాలుంటుంది. ఆ బ్యాండులో పాడే పీటర్ గాబ్రియెల్ 1975లో, గిటార్ వాయించే స్టీవ్ హాకెట్ 1977లో బయటికెళ్లిపోయారు. డ్రమ్స్ వాయించే ఫిల్ కాలిన్స్ గాయకుడయ్యాడు. పాటలు పొట్టివయ్యాయి. 1986లో 'ఇన్‌విజిబుల్ టచ్' అమెరికాలో నంబర్ వన్ అయింది. పాత అభిమానులకి అది ద్రోహం. అమ్ముడుపోయారన్నారు. కొన్నేళ్లు గడిచాక అదే అభిమానుల్లో కొందరు, వాళ్ల తర్వాత వచ్చిన నాలాంటివాళ్లు మళ్లీ విని, ఆ పాప్ ఆల్బంలోనే పది నిమిషాలు దాటిన 'డామినో' ఉంది కదా, పాత జెనెసిస్ ఎక్కడికీ పోలేదు కదా అనడం మొదలుపెట్టారు. ఇంకో తమాషా ఏమిటంటే, అమెరికాలో ఆ నంబర్ వన్ పాటని కిందికి దించింది బయటికెళ్లిపోయిన గాబ్రియెల్ పాటే, 'స్లెడ్జ్‌హామర్'. అదీ డాన్సు పాటే! కళ కోసం వెళ్లాడనుకున్నవాడూ, డబ్బు కోసం ఉండిపోయాడనుకున్నవాడూ ఒకే మెట్టు మీద తారసపడ్డారు.

వేటూరి గురించి మనవాళ్లు మాట్లాడుకునే కథ కూడా ఇదే అచ్చు. వేటూరి ప్రభాకరశాస్త్రి ఇంటి పిల్లవాడు, సంస్కృతం తెలిసినవాడు, పత్రికల్లో పనిచేసినవాడు, విశ్వనాథ్ గారి సినిమాతో వచ్చి 'శంకరాభరణం' రాసినవాడు, చివరికి అలాంటి పాటలు రాయాల్సొచ్చింది పాపం, అని. ఈ కథలో 'పాపం' ముఖ్యమైన మాట.

చిక్కేమిటంటే తేదీలు ఈ కథకి ఒప్పుకోవు. 'సిరిసిరిమువ్వ' 1976. 'అడవిరాముడు' 1977. 'వేటగాడు' 1979. 'శంకరాభరణం' 1980. అంటే పడిపోవడం ముందు జరిగి, శిఖరం తర్వాత వచ్చిందన్నమాట. 1983లో ఒక పక్క 'సాగరసంగమం', ఇంకో పక్క 'ఖైదీ'. మలుపు ఎక్కడుందో చూపించమంటే చూపించలేం. రెండు రోడ్లూ మొదట్నించీ పక్కపక్కనే ఉన్నాయి, మనిషి రెండిట్లోనూ నడిచాడు.

ఒక్కడే కాదు కూడా. 'అడవిరాముడు', 'వేటగాడు', 'శంకరాభరణం' మూడింటికీ మాటలు జంధ్యాలవే, మన నరసాపురం మనిషివి. 'అడవిరాముడు'కీ 'శంకరాభరణా'నికీ సంగీతం ఒకే మహదేవన్. 'సిరిసిరిమువ్వ'లో, 'అడవిరాముడు'లో, 'సాగరసంగమం'లో హీరోయిన్ ఒకే జయప్రద, రాజమండ్రి అమ్మాయి. ఆవిణ్ణెవరూ "మలుపు తిరిగింది పాపం" అనరు. నటి రెండూ చేస్తే వృత్తి, కవి రెండూ రాస్తే పతనం. ఇంకొకటి. మనం గుళ్లో పెట్టుకున్న 'శంకరాభరణం'కి వచ్చిన జాతీయ పురస్కారాల్లో సినిమాకి దక్కినది ఏ విభాగంలోనో తెలుసా? జనాదరణ పొందిన ఆరోగ్యకరమైన వినోదచిత్రం విభాగంలో. అదీ జనం సినిమాయే. ఆ సినిమాలోనే రాత్రిపూట వెస్టర్న్ పాటలతో గోల చేసే కుర్రాళ్లకి శంకరశాస్త్రి బుద్ధి చెప్పే సీను ఉంటుంది. వాళ్ల పాట వాళ్లకే తిరిగి పాడి వినిపించి, ఇప్పుడు నాది మీరు పాడండంటాడు. చప్పట్లు కొట్టాం. అప్పటికి కొద్ది నెలల ముందే 'వేటగాడు'కీ చప్పట్లు కొట్టాం.

అభిమానికి ఈ లేని మలుపుతో ఏం పని? మలుపుంటే ఒక శుద్ధమైన వేటూరి మిగులుతాడు. ఆయన మనవాడు. రెండో ఆయన నిర్మాతల మనిషి, పరిస్థితుల మనిషి. "పొట్టకూటి కోసం రాశాడండీ" అంటాం. మరి 'శంకరాభరణం' రాసిన చేతికి పొట్ట లేదా? దానికి పారితోషికం పుచ్చుకోలేదా? నేను జావాలో బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాస్తాను, ఆదివారం ఇలాంటి వ్యాసాలు రాస్తాను. వారంలో ఐదు రోజుల నన్ను పొట్టకూటి ఖాతాలో, ఆదివారం నన్ను ఆత్మ ఖాతాలో వేసుకుంటే హాయిగానే ఉంటుంది. కానీ సోమవారం రాసిన కోడ్‌లో తప్పుంటే ఎవరిదో డబ్బు ఎక్కడో ఇరుక్కుంటుంది. అప్పుడు అది నా ఆత్మ రాయలేదంటే ఎవరూ వినరు, వినకూడదు.

కాబట్టి నేను రెండో వర్గంలో చేరాను, మళ్లీ వినేవాళ్ల వర్గం. మేం ఏం చేస్తామంటే పాటని విప్పుతాం. మహదేవన్ ముందు సాహిత్యం తీసుకుని దానికి బాణీ కట్టేవాడని పేరు. ఇళయరాజా దగ్గర బాణీయే ముందు, మాట తర్వాత. ముందే పోసిన అచ్చులో మాట పొయ్యడం ఎంత కష్టమో రాసి చూసినవాళ్లకే తెలుస్తుంది. దీర్ఘం పడాల్సిన చోట దీర్ఘమే పడాలి, నోరు తెరిచే చోట తెరుచుకునే అచ్చే ఉండాలి, అర్థం కుదరాలి, పైగా రేపు మధ్యాహ్నానికి ఇవ్వాలి. ఆ ఇరుకులో వేటూరి పల్లెటూరి పలుకుబళ్లు, ప్రబంధాల శ్లేష, పిల్లల ఆటపాటల లయ అన్నీ కుక్కి, ఇరుకే లేనట్టు నడిపించాడు. 'అభిలాష', 'ఛాలెంజ్', 'జగదేకవీరుడు అతిలోకసుందరి' వినండి. నాకు అది ఇంజినీరింగ్ ముచ్చట. ఇంత తక్కువ మెమరీలో ఇంత పని ఎలా చేయించాడు అనిపిస్తుంది.

ఇదంతా అక్కకి చెప్పాను. శృంగారం మన సంప్రదాయం కాదా, క్షేత్రయ్యదీ ఆయన జిల్లాయే, మొవ్వ, అని కూడా చెప్పాను. ఇది మా వర్గం తురుపుముక్క. ఫోన్ పెట్టేశాక దాన్నే తిరగేసి చూస్తే అంత బలంగా కనిపించలేదు. క్షేత్రయ్య పదాల్లో ఎక్కువగా మాట్లాడేది నాయిక. ఆమె అలుగుతుంది, దెప్పుతుంది, గుమ్మంలోంచే వెనక్కి పొమ్మంటుంది. కోరిక ఆమెది, కోపం ఆమెది. మన ఎన్టీఆర్ పాటల్లో ఆమె గొంతూ ఉంటుంది, సుశీల గారు అద్భుతంగా పాడతారు, కానీ కెమెరా ఎక్కడుందో మనందరికీ తెలుసు. పాట కెమెరాతో కలిసే పుడుతుంది, దాన్ని పుస్తకంలో అచ్చేసి ఛందస్సు చూసుకుంటే సగమే చూసినట్టు.

బూతు అన్నది సమస్య కాదని కూడా చెప్పాలి, లేకపోతే నేను కూడా పురాణకాలక్షేపం మేష్టార్లా తేలతాను. మా ఊళ్లో ఊడ్పుల్లో ఆడవాళ్లు పాడుకునేవి, పెళ్లిలో వియ్యాలవారిని ఆడుకునే పాటలు వింటే సెన్సారువాళ్లు పారిపోతారు. మా మామ్మకి అవి బోలెడు వచ్చు. మనవడు పక్కనున్నాడని తెలిసి కూడా పాడి, పమిట చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వేది. అక్కడ పాట ఎవరి నోట్లో ఉంది, ఎవరు నవ్వుతున్నారు, ఎవరు లేచి వెళ్లిపోవచ్చు అన్నది అందరికీ తెలుసు.

బస్టాండులో లేచి వెళ్లిపోవడానికి లేదు. బస్సు రావాలి.

జెనెసిస్ పోలిక నాకు విరిగిపోయింది ఇక్కడే. వాళ్లు పాప్ పాడితే బాధపడింది రికార్డు కొనుక్కున్న అభిమాని. ఆయన బాధ నిజమే, కానీ అది అప్పు కాదు. నాకు ఇరవై మూడు నిమిషాల పాట ఇచ్చావు కాబట్టి జన్మంతా అలాంటివే ఇవ్వాలి అని ఎవరూ ఎవర్నీ అడగలేరు. వేటూరి కూడా నాకేమీ బాకీ లేడు. "ఎందుకిలా రాశావు" అని అభిమానిగా అడిగే హక్కు నాకు లేదనే ఇప్పటికీ అంటాను. కానీ మన దగ్గర పాటని కొనుక్కున్నవాడు మాత్రమే వినడు. పెళ్లి పందిట్లో మైకుసెట్టు, తీర్థంలో మైకుసెట్టు, ఆటోలో స్పీకర్లు, బస్సులో టేపు. సినిమాకి వెళ్లనివాళ్లకి కూడా పాట వస్తుంది. అభిమాని కాని మనిషి అడిగితే ఏం చెప్పాలి? "అమ్మాయ్, ఇందులో శ్లేష చూడు" అని చెప్పాలా?

ఇంకా ఇబ్బందిగా ఒకటి తోచింది. పాట బావుందన్న నా వాదన పాటకి రక్షణ అనుకున్నాను. చచ్చు పాట మూడు వారాలుండి పోతుంది. దాన్ని బస్టాండు దాకా మోసే ఓపిక ఎవరికీ ఉండదు. నోటికి పట్టేలా, నాలుక మీద తిరిగేలా, నలభై ఏళ్లు నిలిచేలా రాసిన పాటే అక్కడిదాకా వెళ్తుంది. నేను పొగిడిన గుణమే దానికి కాళ్లిచ్చింది. ప్రతిభ నిరూపించిన కొద్దీ బాధ్యత తగ్గదు, పెరుగుతుంది. మళ్లీ వినమన్నవాణ్ణి నేనే కాబట్టి అందులో నా వాటా కూడా ఉంది.

అక్కకి ఎదురైన ఆ కుర్రాళ్లు పాడింది ఎవరి పాట? ఇంకోసారి ఫోన్ చేసి అడిగాను. తనకి గుర్తు లేదు. రోజుకోటి పాడేవారంది. రాసిందెవరో అప్పుడూ తెలీదు, ఇప్పుడూ అక్కర్లేదంది. వేటూరివి కాకపోవచ్చు, ఆ రోజుల్లో ఆ తరహా రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. అది తట్టగానే నాకు తేలికైంది. ఎందుకు తేలికైందో ఆలోచిస్తే సిగ్గేసింది. ఆ మూడేళ్లు విన్న అమ్మాయి గురించి కాక, ఇష్టమైన కవి తప్పించుకున్నాడా లేదా అన్నదాని గురించి ఆత్రపడ్డాను.

తప్పు పాడినవాడిదే, రాసినవాడిది కాదు అంటారా? మొదటి ముక్క ఒప్పుకుంటాను. ఒక్కొక్క వెధవ నోటికీ కవి పూచీ పడాలంటే ఎవరూ ఏమీ రాయలేరు. కానీ ఆ నోటికి మాట కావాలి కదా. ఆడపిల్ల వినీ విననట్టు నడిచిపోవడమే సరసం అన్న ఊహని వాడు తనంతట తాను కనిపెట్టలేదు. అది తయారుచేసి, లయ కట్టి, వెండితెర మీద పరిచింది చాలామంది కలిసి. దర్శకుడు, హీరో, నృత్యదర్శకుడు, ఈల వేసిన మనం. ఆ వరసలో కవి ఒకడు. అందరికంటే ముందు కాదు, బయట మాత్రం కాదు.

2006లో శేఖర్ కమ్ముల 'గోదావరి' వచ్చినప్పుడు పాటలు వేటూరివే. అప్పటికి ఆయనకి డెబ్భై. మా జిల్లాల వాళ్లు ఆ పాటల్ని సొంత ఊరి పాటల్లా పెట్టుకున్నారు. అక్క ఫోన్ రింగ్‌టోన్ చాలాకాలం అదే ఉండేది. ఎవరు రాశారో తనకి తెలుసో లేదో నేను అడగలేదు. అడిగితే మళ్లీ వాదన గెలవడానికి అడిగినట్టుంటుందని.

పాట లిస్టులోంచి తీసేశాను. సాయంత్రం ఏడింటికి నాన్న పేకాట బృందం చేరింది. మైకుసెట్టు కుర్రాడు నా లిస్టు అయిపోయిందని తన పెన్‌డ్రైవ్ పెట్టాడు. రెండో పాటే అది. నాన్న స్నేహితుల్లో ఒకాయన, రిటైరైన హెడ్మాస్టరు, కుర్చీలోంచి లేచి రెండు చేతులూ ఎత్తాడు, అందరూ గొల్లుమన్నారు, నాన్న కూడా. నేను అక్క కోసం చూశాను. పందిరి చివర ఎవరి పిల్లకో ఆకులో పులిహోర వడ్డిస్తోంది. వినబడిందో లేదో తెలీలేదు. నేను మైకుసెట్టు దగ్గరికి వెళ్దామని లేచాను. లేచేముందు చూసుకుంటే, నా కుడికాలు తాళం వేస్తోంది.