ఆనందమును ఆర్తియు ఒక్క స్థలముననే

కాలము కుదురుగా లేనప్పుడు భక్తుని మనస్సున రెండు ప్రశ్నలు పుట్టును. ఇన్ని కష్టముల నడుమ సంతోషించుట తగునా యనునది మొదటిది. శివునియందు నమ్మకము గలవానికి ఇంకను ఈ తపన యేల యనునది రెండవది. మొదటి ప్రశ్న ఆనందమును అపరాధముగా చూచును. రెండవది ఆర్తిని లోపముగా నెంచును. శరణుల మార్గమున ఈ రెండును నిలువవు.

వీరశైవ సిద్ధాంతమున భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్యములని షట్స్థలములు. ఒక్కొక్క స్థలమునకు ఒక్కొక్క భక్తి చెప్పబడినది. అవి క్రమముగా శ్రద్ధ, నిష్ఠ, అవధానము, అనుభావము, ఆనందము, సమరసము. ఇందు గమనింపదగిన విశేష మొకటి కలదు. ఆనందభక్తి కడపటిది కాదు; అయిదవది. దాని నెలవు శరణస్థలము. శరణుడు సతి, లింగము పతి యను భావము పండునదియు ఆ స్థలముననే. సతి యన్నప్పుడు పతికొరకై ఎదురుచూపు తప్పదు. కాబట్టి ఆనందము ఉన్నచోటనే ఆర్తియు ఉన్నది. ఎడబాటు తెలియని ఆనందము ఉత్త సుఖము. విశ్వాసము లేని ఆర్తి ఉత్త దుఃఖము. అందుచేతనే శ్రద్ధ మొదటి మెట్టైనది.

ఈ మాటలు బ్రతుకులో పరీక్షకు నిలిచినది 12వ శతాబ్దపు కల్యాణమున. కర్ణాటకమునందు బీదరు జిల్లాలోని బసవకల్యాణమే నాటి కల్యాణము. కలచురి బిజ్జలుని కొలువున భండారియైన బసవేశ్వరుడు కులము నడుగక, కాయకమును చూచి శరణులను చేరదీసెను. చెప్పులు కుట్టువాడు, తాళ్లు పేనువాడు, పడవ నడుపువాడు అనుభవమంటపమున ఒక్క వరుసను కూర్చుండిరి. అట్టి కూటమికి పగవారు లేకుండుట సాధ్యమా? నిందల నడుమనే, భయముల నడుమనే ఆ అనుభావగోష్ఠి సాగెను.

ఆ పట్టణముననే ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల యిల్లు కలదు. రాయచూరు సీమనుండి వచ్చిన ఆ దంపతుల కాయకము నేలరాలిన బియ్యపుగింజలను ఏరి తెచ్చుట. ఒకనాడు మారయ్య ఏనాటికంటెను ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఆనాటి దాసోహమునకు చాలినదానికి మించినది ఆశ యగునని చెప్పి, మిగిలినది తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. రేపటికై భయపడు కాలమున ఇది సామాన్యమైన ధైర్యము కాదు. గృహస్థుడు పొదుపు చేయరాదని దీని యర్థము కాదు. భయము ఇంటి యజమాని కారాదని యర్థము. ఆ యింటి ఆనందము గాదెలోని గింజలనుండి పుట్టలేదు. నేటి కాయకము నేడు జరిగినది, నేడు వచ్చిన జంగమము ఆకలితో మరలలేదు అను తృప్తినుండి పుట్టినది.

ఆర్తికి అక్కమహాదేవియే సాక్షి. శివమొగ్గ సీమలోని ఉడుతడిలో పుట్టి, చెన్నమల్లికార్జునుని పతిగా వరించి, కౌశికుని వైభవమును తృణీకరించి ఆమె కల్యాణమునకు నడచివచ్చెను. అల్లమప్రభువు ఆమెను కఠినముగా ప్రశ్నించెను, ఆమె నిలిచెను. శరణులు ఆమెను ‘అక్క’ యని గౌరవించిరి. కోరిన సత్సంగము దొరకినది గదా, ఇక నాగవచ్చును గదా యని లోకమునకు తోచును. ఆమె ఆగలేదు. శ్రీశైలమునకు, కదళీవనమునకు సాగిపోయెను. ఆ తపన అసంతృప్తి కాదు. లభించినదానిని తక్కువచేసి ఆమె పోలేదు. లభించినదే ముందునకు పిలిచినందున పోయెను.

క్రీ.శ. 1167 ప్రాంతమున కల్యాణము చెదరిపోయెను. హరళయ్య కుమారునకు మధువరసు కుమార్తెను ఇచ్చి చేసిన వివాహము కులపు కట్టుబాటును దాటినదని, ఆ తండ్రులిద్దరును రాజదండనకు గురియైరని సంప్రదాయము చెప్పును. బిజ్జలుడు హతుడయ్యెను. బసవేశ్వరుడు కూడలసంగమమున లింగైక్యుడయ్యెను. ఆయన మేనల్లుడు చెన్నబసవన్నతో కొందరు శరణులు అడవిదారిని ఉళవి చేరిరి. వారు కాపాడుకొనిపోయినది ధనము కాదు, వచనములు వ్రాసిన తాటియాకుల కట్టలు. ఊరు పోయినది, మంటపము పోయినది. అరచేతిలోని ఇష్టలింగము పోలేదు. దేవుని మెడలోనే ధరింపజేసిన గురువుల దూరదృష్టి ఆ దారిలో తెలిసినది. తరువాత తెలుగునేలను పాల్కురికి సోమనాథుడు బసవపురాణమును ద్విపదలో రచించెను. 1369లో భీమకవి దానిని కన్నడమున వెలయించెను. ఒక్క ఊర చెదరినది రెండు భాషలలో మొలకెత్తినది.

అట్టి పరీక్షయే ఇటీవల 2020లో వచ్చినది. ప్రతియేట ఉగాదికి ఉత్తర కర్ణాటకమునుండి వేలాది భక్తులు నల్లమల దారులవెంట కాలినడకన శ్రీశైలము చేరుదురు. భ్రమరాంబను తమ యింటి ఆడపడుచుగా భావింతురు. ఆ యేడు ఉగాది మార్చి 25వ తేదీన వచ్చినది. కరోనా కారణమున దేశమంతట లాక్‌డౌన్ మొదలైనదియు ఆనాడే. గుడితలుపులు మూతపడినవి. ఎన్నో యిండ్లలో మ్రొక్కు తీరని కన్నీరు నిలిచినది. ఆ కన్నీరు అవిశ్వాసము కాదు. ఆ ఉదయము విభూతి ధరించి, ఎడమ అరచేత ఇష్టలింగము నుంచుకొని కూర్చున్న భక్తునకు మల్లయ్య దూరమా, దగ్గరా? రెండును నిజమే. చేతిలో నున్నాడు గనుక ఆనందము. కొండమీద చూడలేకపోయెను గనుక ఆర్తి. శరణస్థల మనగా నిదియే.

ఆ వ్యాధి తగ్గినది; మనుష్యుల గుబులు తగ్గలేదు. వానలు అదను తప్పుచున్నవి. చదువుకొన్న బిడ్డలు బెంగుళూరికిని, హైదరాబాదునకును, సముద్రముల కావలికిని పోవుచున్నారు. ఇంట మిగిలిన తల్లిదండ్రులు ఫోనులో వారి ముఖము చూచి, మాట ముగిసిన పిమ్మట అరుగుమీద ఒంటరిగా కూర్చుండుచున్నారు. అట్టివారితో భక్తుడు దుఃఖింపరాదనుట క్రూరము. అన్నియు చక్కబడిన పిమ్మట సంతోషింపుమనుట వంచన. అన్నియు చక్కబడిన దినము కల్యాణమునకును రాలేదు.

చేయదగినది చిన్నది; కాని విడువరానిది. ఎవరెచ్చట నున్నను కుటుంబమువారు ఒక్క వేళను ఏర్పరచుకొని లింగపూజ చేయవలెను. ఆనాటి కాయకమును ఆనాడే ముగింపవలెను. గుప్పెడైనను దాసోహము మానరాదు. జంగమ మనగా కదలునది. గనుక మఠములును ఉత్సవములకు పిలుచుటతో సరిపెట్టక, ఒంటరివారి గడప త్రొక్కి క్షేమ మడుగవలెను. ఆ అడుగుల చప్పుడే ఒక వృద్ధమాతకు ప్రసాద మగును.

శ్రద్ధ మొదటి మెట్టుగా, ఆనందమును ఆర్తియు తోడుగా, గురు లింగ జంగమముల కరుణ ఎల్లరను సమరసమునకు చేర్చుగాక!

శరణు శరణార్థి.