యాకోబును మరువకుడి, లాబాను కాకుడి

ధ్యాన భాగములు: ఆదికాండము 28–31 అధ్యాయములు, ద్వితీయోపదేశకాండము 26:1–11



పరిశుద్ధ గ్రంథములో సొంత ఊరు విడిచినవారి కథలు ఎన్ని ఉన్నవో ఒకసారి జ్ఞాపకము చేసికొందము. అబ్రాహాము తండ్రి ఇల్లు విడిచెను. హాగరు బిడ్డతో అరణ్యములో తిరిగెను. యోసేపు అమ్మబడి ఐగుప్తు చేరెను. కరవు వలన నయోమి మోయాబునకు పోయెను. ఆమెతో కూడ రూతు బేత్లెహేమునకు వచ్చెను. దానియేలు బబులోనులో రాజు కొలువు చేసెను. మన ప్రభువు సహితము పసిబిడ్డగా ఉన్నప్పుడే తల్లి ఒడిలో ఐగుప్తునకు పోయెను. కాబట్టి బ్రతుకుతెరువు వెదకుకొనుచు వచ్చిన కుటుంబములకు బైబిలు పరాయి గ్రంథము కాదు.

ఈ కథలు ఆదివారపు బడి పిల్లలకే అని కొందరు తలంచుదురు. అది సరి కాదు. పెద్దవారు కష్టదినమున ఆదరణ పొందుటకును, మంచిదినమున దారి తప్పకుండుటకును దేవుడు వీటిని వ్రాయించెను. ఒకే కథ ఈ రెండు పనులను ఎట్లు చేయునో చూపుటకు యాకోబు కథను మీ యెదుట ఉంచుచున్నాము.

మత్తిగిరి అనగానే పశువుల ఫారము జ్ఞాపకమునకు వచ్చును. 1824లో కంపెనీవారి సైన్యమునకు గుఱ్ఱములను పెంచుటకు అది ఆరంభమైనది. తరువాతి కాలములో 1,600 ఎకరములకు పైబడిన పశువుల క్షేత్రముగా పేరుపొందినది. మంద వెంట ఎండలో తిరుగుట, ఈనుచున్న ఆవు దగ్గర చలిలో మేల్కొనుట ఎట్టి పనియో ఈ ప్రాంతపువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1970 దశకములో హోసూరుకు సిప్కాట్ పారిశ్రామికవాడ వచ్చినది. అప్పటినుండి పల్లెలు విడిచి కర్మాగారములకు వచ్చిన తెలుగువారు అనేకులు. అంతకు ముందే తరతరములుగా ఈ గ్రామములలో తెలుగు మాటలాడువారు ఉన్నారు. ఆ విధముగా స్థిరపడినవారును, నిన్న సంచితో బస్సు దిగినవారును ఒకే బల్లమీద కూర్చుండి పాటలు పాడుచున్నాము. యాకోబు కథ ఈ ఇరువురితోను మాటలాడును.

1. లాబాను ఇంట యాకోబు

యాకోబు హారాను దగ్గర బావియొద్దకు వచ్చినప్పుడు అతని యొద్ద చేతికఱ్ఱ తప్ప మరి ఏమియు లేదు. లాబాను పరుగెత్తుకొని వచ్చి, కౌగిలించుకొని, తన రక్తసంబంధివని చెప్పి ఇంటికి తోడుకొనిపోయెను. ఒక నెల గడిచెను. అప్పుడు జీతము మాట వచ్చినది. చుట్టరికముతో ఆరంభమైన సంగతి కూలిబేరముగా మారినది. రాహేలు కొరకు ఏడు సంవత్సరములు చేసిన పనికి లేయా ఇయ్యబడెను. మరల ఏడు సంవత్సరములు. ఆ తరువాత మంద కొరకు ఆరు సంవత్సరములు.

యాకోబు దోషము లేనివాడు కాడు. చూపు మందగించిన తండ్రిని మోసగించినవాడే ఇక్కడ మోసపోయెను. బైబిలు తన మనుష్యుల తప్పులను దాచదు. అయినను అతని తప్పును సాకుగా చూపి లాబాను చేసిన అన్యాయమును అది న్యాయము చేయదు.

ఇరువది సంవత్సరముల తరువాత యాకోబు చెప్పిన లెక్క ఆదికాండము 31:38–42లో ఉన్నది. పగలు ఎండకును రాత్రి మంచుకును నలిగిపోయితిననియు, కంటికి నిద్ర లేదనియు, మృగములు చీల్చిన వాటి నష్టము తానే భరించితిననియు, జీతము పదిమారులు మార్చబడెననియు అతడు చెప్పెను. ఇది నేటి మాట వలె లేదా? రాత్రి షిఫ్టు ముగించుకొని లైను ఇంటికి వచ్చి, పగటి శబ్దములలో నిద్రపట్టక దొర్లు సహోదరునికి ఈ వచనములకు వ్యాఖ్యానము అవసరము లేదు. కాంట్రాక్టరు మారినప్పుడెల్ల మొదటిరోజు పనివాని వలె మరల నిలువబడువానికి పదిమారులు మారిన జీతము ఏమిటో తెలియును.

2. దేవుడు చూచెను

ఆదరణ ఎక్కడ ఉన్నది? కష్టము ఒక్క దినములో తీరెనని ఈ కథ చెప్పదు. ఇరువది సంవత్సరములు ఎందుకు పట్టెనో కూడ చెప్పదు. చెప్పినది ఇదియే: తన బాధను, తన చేతుల కష్టమును దేవుడు చూచెనని యాకోబు సాక్ష్యమిచ్చెను.

రెండు సంగతులు గమనింపుడి. మొదటిది, బేతేలులో వాగ్దానము పొందినప్పుడు యాకోబు ఇంకను లాబాను ముఖము చూడలేదు. కష్టమునకు ముందే తోడు సిద్ధపరచబడెను. మనము ఊరిలో బస్సు ఎక్కకముందే దేవుడు హోసూరులో ఉన్నాడు. రెండవది, ఆ చివరి దినములలో దేవుడు యాకోబుతో మాత్రమే మాటలాడలేదు. రాత్రి కలలో లాబానును కూడ హెచ్చరించెను. పనివాని కన్నీటిని గూర్చి పని చేయించుకొనువానిని దేవుడు అడుగును.

నోరు మూసుకొని ఓర్చుకొనుటయే భక్తి అని ఈ కథ నేర్పదు. యాకోబు మంద విషయములో నమ్మకముగా పని చేసెను, లెక్క జ్ఞాపకముంచుకొనెను, సమయము వచ్చినప్పుడు లాబాను యెదుట నిలిచి స్పష్టముగా అడిగెను. చేయి ఎత్తలేదు. చివరకు గలేదులో రాళ్ల కుప్పయొద్ద ఇరువురును నిబంధన చేసికొని భోజనము చేసిరి. న్యాయమైన జీతము అడుగుట, తన హాజరు లెక్క తాను వ్రాసికొనుట, తెలిసినవారి సహాయము తీసికొనుట విశ్వాసమునకు విరోధము కాదు.

3. గంప చేతబట్టి చెప్పవలసిన మాట

ఇప్పుడు స్థిరపడిన మన కుటుంబములకు వచ్చెదము. యాకోబు స్థలములో నిలిచి ఈ కథను చదువుట సులభము. లాబాను స్థలములో నిలిచి చదువుట కష్టము. అయితే మనలో అనేకులు ఇప్పుడు పని చేయించుకొనువారు, గదులు అద్దెకు ఇచ్చువారు, మనుష్యులను పనిలో కుదుర్చువారు, కూలీలతో గులాబి తోటలు సాగుచేయువారు. దేవుడు ఆశీర్వదించెను, ఆయనకు స్తోత్రము. ఆ ఆశీర్వాదముతో పాటు ఒక ప్రశ్న కూడ వచ్చినది.

లాబాను పరదేశిని ద్వేషించినవాడు కాడు. మనవాడని పిలిచి, ఆ పిలుపునే ఆసరాగా చేసికొని తక్కువకు పని చేయించుకొన్నవాడు. మన మధ్య ఈ అపాయము ఎక్కువ. "మన తెలుగువాడే కదా, రెండు నెలలు ఆగి ఇచ్చినను ఏమి?" "మన సంఘపు పిల్లయే కదా, ఇంటిపనికి ఉండనిమ్ము, చదువు తరువాత చూచుకొందము." ఈ మాటలు ప్రేమ వలె వినబడును గాని లాబాను నోట పుట్టినవి. పరాయివాడు బాకీ పడిన కూలిని అడుగవచ్చును. మనవాడు సిగ్గుచేత అడుగలేడు. అందుచేతనే మనవాని కూలిని మరి శ్రద్ధగా, సూర్యుడు అస్తమింపకముందే చెల్లింపవలెను (ద్వితీ. 24:14,15).

ఇశ్రాయేలీయులు సొంత భూమిలో స్థిరపడిన తరువాత ప్రథమ ఫలములు గంపలో తెచ్చినప్పుడు ఏమి చెప్పవలెనో దేవుడు ముందుగానే నేర్పెను. మేము కష్టపడితిమి, సంపాదించితిమి అని కాదు. తమ పితరుడు దిక్కులేక తిరిగిన అరామీయుడని చెప్పవలెను. అనగా గంప నిండిన దినముననే యాకోబు కథ చెప్పవలెను! అంతటితో ఆగక, తమ మధ్యనున్న పరదేశితో కలిసి సంతోషింపవలెను (26:11). మన కోత పండుగ కానుకల బల్లయొద్ద కూడ ఈ సాక్ష్యము వినబడవలెను. తాత సంచితో వచ్చిన దినమును మరచిన ఇంటిలో లాబాను పుట్టుటకు ఎక్కువ కాలము పట్టదు.

4. మన బాప్టిస్టు పితరుల మాదిరి

1876–78 కరవులో ఒంగోలు ప్రాంతపు బీదలు ఆకలితో చెదరిపోవుచుండగా క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టు తీసికొనిరి. బోధకులే మేస్త్రీలైరి. పని ఆగిన వేళలలో వారు కూలీల మధ్య కూర్చుండి సువార్త చెప్పిరి. అన్నము కొరకు ఎవరును చేరకుండునట్లు సహాయము పంచిన కాలములో బాప్తిస్మములు ఆపిరి. కరవు పని ముగిసిన తరువాత, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. కంట్రాక్టరుగా ఉండియు లాబాను కాకుండ ఉండవచ్చునని ఆ కాలువ గట్టు సాక్ష్యమిచ్చుచున్నది.

చెరకు తోటలకును తేయాకు తోటలకును ఒప్పందపు కూలీలుగా నాటాలు పోయిన తెలుగువారి కొరకు రెవ. జాన్ రంగయ్య గారు 1903లో నెల్లూరు విడిచి సముద్రము దాటిరి. ఆ సంవత్సరము డిసెంబరులో కియర్స్నీలో తెలుగు బాప్టిస్టు సంఘము ఏర్పడినది. 1915లో ఆయన ఆ దేశములోనే ప్రభువునందు నిద్రించిరి. వలసపోయినవారు తామే తిరిగి రావలెనని స్వదేశపు సంఘము కనిపెట్టుకొని ఉండలేదు. వారి వెంట తన సేవకుని పంపెను. మన యొద్దకు వలసవారు తామే వచ్చుచున్నారు. మనము సముద్రము దాటనక్కరలేదు, గడప దాటిన చాలును.

5. ఈ వారము చేయదగినవి

మన యొద్ద ఎవరి కూలియైనను, ఎవరి అడ్వాన్సు సొమ్మయినను నిలిచియుండిన యెడల ఆదివారము కానుక వేయకముందే చెల్లించెదము.

వెనుక బల్లమీద కూర్చుండి, దీవెన కాగానే వెళ్లిపోవు యౌవనస్థుని పేరు, ఊరు అడిగి తెలిసికొని భోజనమునకు పిలిచెదము. అతని సొంత సంఘపు కాపరికి ఉత్తరము వ్రాసెదము. అతడు ఒడియాయో హిందీయో మాటలాడువాడైనను అన్నము పెట్టుటకు భాష అడ్డము కాదు.

ఇంటిలో రాత్రి ప్రార్థనయందు ఒక బైబిలు కథను తెలుగులో నోటితో చెప్పెదము. మన పిల్లలు బడిలో తమిళమును ఆంగ్లమును చదువుచున్నారు. తెలుగు బైబిలు తడుముకొనకుండ చదువగలవారు తగ్గుచున్నారు. అక్షరము రాని చెవికి కూడ కథ చేరును. కాలువ గట్టున మన పితరులు రక్షణ వార్త పొందినది ఆ విధముగానే.

ప్రియులారా, యాకోబు పేరుగల బావి ఒకటి సువార్తలో కనబడును (యోహాను 4). మన ప్రభువు ప్రయాణపు అలసటతో దాని యొద్ద కూర్చుండి, పరాయి ఊరిలో పరాయి స్త్రీని దాహమునకు నీళ్లు అడిగెను. నేటికిని ఆయన మన మధ్యకు ఆ రీతిగానే వచ్చుచున్నాడు. అన్యాయముగా నలిగినవారు ఆయనయందు తోడును కనుగొందురు గాక. స్థిరపడినవారు ఆయన అడుగు నీళ్లను ఆయనకు ఇచ్చెదరు గాక.

ప్రార్థన: పరలోకపు తండ్రీ, చేతికఱ్ఱతో వచ్చిన మా పితరులను నీవు పోషించితివి. రాత్రి పని చేయు మా సహోదరులను కాపాడుము. మా యొద్ద పని చేయువారి కష్టమును మేము చూచునట్లు మా కన్నులు తెరువుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.