ఎవరు అడ్జస్ట్ అయినట్టు?

మన రైళ్లలో "కొంచెం అడ్జస్ట్ అవ్వండి" అంటే ఎదుటివాళ్లు జరగాలని. అడిగినవాడు కూర్చుంటాడు. కరీబియన్‌లో పడవల మీద తిరిగేవాళ్లు మాత్రం "ఈ ఊరికి అడ్జస్ట్ అయిపోయాం" అంటారు. ట్రినిడాడ్‌లో, పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌కి పడమరగా ఉన్న చాగ్వరామస్ రేవులో, ఒక ఫ్రెండ్ తెరచాప పడవలో ఉంటూ, లాప్‌టాప్ మీద ఉద్యోగం చేసుకుంటూ రెండు నెలలు గడిపినప్పుడు ఈ మాట చాలాసార్లు విన్నాను. ఇంతకీ జరిగింది ఎవరు?

జూన్ నుంచి నవంబరు దాకా తుఫానుల కాలం. అవి ఎక్కువగా పోయే దారికి ట్రినిడాడ్ దక్షిణంగా ఉంటుంది కాబట్టి పడవలు ఇక్కడికి చేరతాయి. నేర్చుకోవాల్సినవి చిన్న సంగతులే. కొట్లోకి అడుగుపెట్టగానే పలకరించాలి, ఆ తర్వాతే కావలసింది అడగాలి. చీకటి పడ్డాక ఎదురైనవాళ్లు "గుడ్ నైట్" అంటే అది వీడ్కోలు కాదు, పలకరింపు. ఊళ్లోకి వెళ్లడానికి పసుపు చార ఉన్న మాక్సీ టాక్సీ. పొద్దున్నే డబుల్స్: రెండు మెత్తటి బారాలు, వాటితో శనగల కూర. కారం ఎంతో ముందే చెప్పాలి. ఇవన్నీ వారంలో వచ్చేస్తాయి. వారంలో వచ్చేదాన్ని సర్దుబాటు అనొచ్చా?

డెరెక్ వాల్కాట్ 1992 నాటి నోబెల్ ఉపన్యాసంలో ఒక మాటంటాడు. ప్రేమకి నిలకడ కావాలి, ప్రయాణమంటేనే కదలిక, కాబట్టి ప్రయాణికుడు ప్రేమించలేడని దాని సారాంశం. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఏళ్ల తరబడి నాటకాలు ఆడించిన మనిషి అన్నది కాబట్టి తేలిగ్గా తీసెయ్యలేం.

అయితే ఈ దీవికి నీళ్ల మీద వచ్చినవాళ్లంతా ప్రయాణికులు కారు. 1845 మే 30న ఫతేల్ రజాక్ ఓడలో మొదటి భారతీయ కూలీలు దిగారు. 1917 దాకా అలా లక్షా నలభై వేల మందికి పైగా వచ్చారు. మద్రాసులో ఓడ ఎక్కినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. గాలి అనుకూలిస్తే వెళ్లిపోదాం అనుకునే వీలు వాళ్లకి లేదు, ఒప్పందం గడువు తీరాలి. సర్దుకోవడమంటే వాళ్లది. వాళ్ల శనగలు ఊరందరి టిఫిన్ అవడానికి తరాలు పట్టింది.

లంగరు ఎత్తగలగడం తప్పేమీ కాదు. కానీ ఆ వీలున్నవాడికి అవతలివాళ్ల ఇబ్బంది కనపడదు. ఇక్కడ చాలా పేటలకి కుళాయి నీళ్లు వంతులవారీగా వస్తాయి. రేవులో మాత్రం గొట్టం తిప్పి పడవ డెక్ కడుక్కోవచ్చు. అక్కడ అడ్జస్ట్ అవుతున్నది ఊరే.

ప్రయాణికుడు ప్రేమించలేడనే ఒప్పుకుందాం. దాంతో బాధ్యత తీరిపోదు. ప్రేమించకపోయినా ముందు పలకరించొచ్చు, క్యూలో నిలబడొచ్చు, డెక్‌ని బకెట్ నీళ్లతో తుడుచుకోవచ్చు. రెండు నెలల కోసం వచ్చినవాడు అంతకు మించి తనదని చెప్పుకోకపోతేనే నయం.