దూరమును ప్రొద్దును

మన దేశపు గడియారమునకు ప్రమాణమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశము కాకినాడకు చేరువగా పోవుచున్నది గనుక, దానికి పడమరగా నున్న అనంతపురమున ప్రొద్దు నడినెత్తికి వచ్చుట అక్కడికంటె ఇంచుమించు 20 నిమిషములు ఆలస్యము. ఆ కొద్ది ఎడమును తలపునకే తెచ్చుకొనక తరములు గడపిన యీ కరవుసీమ, పెనుకొండ చెంత ఎర్రమంచి వద్ద కొరియావారి కియా కర్మాగారము 2019లో కార్లు తయారుచేయ నారంభించినది మొదలు, మూడున్నర గంటల ఎడమును లెక్కించుకొన నేర్చినది. మన ఉదయము తొమ్మిదింటికి అడిగిన ప్రశ్న సియోలు నగరమున మధ్యాహ్న భోజనవేళకు చేరును.

అమెరికా సంగతి ఇంతకంటె కఠినము. చెనిక్కాయ పండించు తండ్రి తెల్లవారుజామున చేనికి బయలుదేరు సమయమున, ఇంటినుండియే న్యూయార్కువారికి పనిచేయు కొడుకు కంప్యూటరు మూసి పడుకొనబోవును. మార్చిలో అచట గడియారములను ఒక గంట ముందుకు జరిపినంతనే పదిన్నర గంటల ఎడము తొమ్మిదిన్నర యగును. ఆ దేశము నెన్నడును చూడని తల్లి, ఇచట పొయ్యిమీద సంగటి కెలుకు వేళనుగూడ ఒక గంట ముందుకు జరుపుకొనును, నవంబరులో మరల వెనుకకు.

వానలేక బెంగుళూరు బస్సెక్కు ఊళ్లలో కొడుకు ఇంటిపట్టున నుండుట గొప్ప మేలే. కాని ఆ మేలునకు మూల్యము ఎల్లప్పుడు ఒక్కరి నిద్రయే కారాదు. సమావేశవేళలు నిర్ణయించు అధికారము గల శ్రోతలారా, ఒక వారము అమెరికావారి పగటిని, మరొక వారము మన పగటిని పాటింపుడని వేడుకొనుచున్నాను.